ఖాళీకి ఆకుపచ్చ రంగు వేయకూడదు

పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న డాలీగంజ్‌లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి అండమాన్ కేంద్రం ఉంది. చెన్నైలో ప్రధాన కార్యాలయం ఉన్న ఈ సంస్థను అందరూ ఎన్‌ఐఓటీ అంటారు. బంగాళాఖాతంలో సునామీని పసిగట్టడానికి సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలనూ, వాటి కబురును పైకి చేర్చే తేలుడు బోయాలనూ దింపిన అనుభవం ఈ సంస్థది. ఆ కబుర్లను లెక్క కట్టి హెచ్చరిక ఇచ్చే పని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సంస్థది. 2004 డిసెంబర్ 26 సునామీ విషాదం తర్వాత అక్కడ ఏర్పాటైన సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబర్ నుంచి రాత్రీ పగలూ పనిచేస్తోంది.

ఆ కేంద్రం ముప్పును మూడు మెట్లుగా చెబుతుంది. తీరం దగ్గర అల ఎత్తు 2 మీటర్లు దాటుతుందని లెక్కలో తేలితే వార్నింగ్: జనం ఎత్తయిన చోటికి పోవాలి. అర మీటరుకూ 2 మీటర్లకూ మధ్య అయితే అలర్ట్: తీరానికీ పల్లపు ప్రాంతాలకూ దూరంగా ఉండాలి. 0.2 నుంచి 0.5 మీటర్ల దాకా అయితే వాచ్: కనిపెట్టుకుని ఉండాలి. వీటి రంగులు వరసగా ఎరుపు, నారింజ, పసుపు. అంతకన్నా తక్కువైతే ముప్పు లేనట్టే.

ఈ అధ్యాయంలో మనం ఆ మూడు మెట్లను తెర మీద చూపించే ఒక చిన్న రంగు పట్టీని తయారుచేసి, దాన్ని పరీక్షిద్దాం. ఏ సంస్థ వెబ్‌సైట్‌లోదీ కాదు, నేర్చుకోవడానికి మనం కట్టుకుంటున్నది. అయినా దాన్ని చూసేవాళ్లెవరో మనసులో పెట్టుకునే రాద్దాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైనే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి జంగ్లీఘాట్‌లో వలలు ఆరేసుకునే కుటుంబాలు అందులో ఉన్నాయి. పడవ దింపాలా వద్దా అని ఫోన్‌లో చూసుకునే మనిషికి మన పట్టీ ఏ రంగు చూపిస్తుంది అన్నదే మన ప్రశ్న.

ఇప్పటి వెబ్ పేజీలను ఎవరూ ఒకే ముక్కగా రాయరు. బటన్, తేదీ పెట్టె, పటం, పట్టిక, హెచ్చరిక పట్టీ ఇలా వేటికవి విడిగా రాసి, కలిపి కూర్చుతారు. ఒక్కో ముక్కనూ కాంపొనెంట్ అంటారు. 2013లో ఫేస్‌బుక్ తన రియాక్ట్‌ను అందరికీ విడుదల చేశాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. తర్వాత వచ్చిన వ్యూ, స్వెల్ట్ వంటివాటిలోనూ అసలు ఊహ ఇదే. కాంపొనెంట్‌కు లోపలికి కొంత సమాచారం వెళ్తుంది, బయటికి తెర మీద కనిపించే రూపం వస్తుంది. మన పట్టీకి లోపలికి వెళ్లేది ఒక అంకె, అంటే మీటర్లలో అల ఎత్తు. బయటికి వచ్చేది ఒక రంగు, ఒక మాట.

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు దీన్ని పది నిమిషాల్లో రాసేస్తాడు. ఎత్తు 2 కన్నా ఎక్కువైతే ఎరుపు. లేకపోతే, 0.5 కన్నా ఎక్కువైతే నారింజ. లేకపోతే, 0.2 కన్నా ఎక్కువైతే పసుపు. ఇవేవీ కాకపోతే ఆకుపచ్చ పట్టీ మీద "ముప్పు లేదు" అన్న మాట. చదివితే తప్పేమీ కనిపించదు. 3 ఇచ్చి చూస్తే ఎరుపు వస్తుంది, 1 ఇస్తే నారింజ, 0.1 ఇస్తే ఆకుపచ్చ. బాగుందనుకుని పైకి పంపేస్తారు.

ఇప్పుడు కొలత పరికరం నుంచి అంకె రాలేదనుకోండి. బోయా తెగిపోయింది, లేదా సర్వర్ ఆ గడిని ఖాళీగా పంపింది. జావాస్క్రిప్ట్‌లో అలాంటి ఖాళీకి నల్ అని పేరు. నల్‌ను ఒక అంకెతో పోల్చమంటే జావాస్క్రిప్ట్ దాన్ని సున్నాగా మార్చి పోలుస్తుంది. సున్నా 2 కన్నా ఎక్కువ కాదు, 0.5 కన్నా కాదు, 0.2 కన్నా కాదు. అంటే ఆకుపచ్చ. ఆ గడి అసలు లేకుండానే సమాచారం వస్తే దాని విలువ అన్‌డిఫైన్డ్. పోల్చేటప్పుడు అది "అంకె కానిది" అన్న ప్రత్యేక విలువగా మారుతుంది. ఆ విలువతో ఎక్కువా తక్కువా అని ఎలా అడిగినా కాదనే జవాబు. మళ్లీ ఆకుపచ్చే. ఒక్క అక్షరమూ లేని ఖాళీ స్ట్రింగ్ వచ్చినా సున్నాయే, ఆకుపచ్చే. "అందలేదు" అన్న మాట వచ్చినా అది అంకె కాదు కాబట్టి ఆకుపచ్చే. తెలియనితనం ఎన్ని రూపాల్లో వచ్చినా ఈ పట్టీ చెప్పేది ఒకటే: ముప్పు లేదు.

ఇందులో ప్రోగ్రాం ఆగిపోయేది ఏదీ లేదు. ఎర్ర అక్షరాల్లో లోపం చూపించేది లేదు. వేగం తగ్గదు, ఫిర్యాదూ రాదు. మామూలు రోజుల్లో నిజంగానే ముప్పు ఉండదు గనక ఆకుపచ్చ పట్టీని చూసి అనుమానించే కారణమూ ఉండదు. పరికరం పాడయ్యే అవకాశం ఎక్కువ ఉన్న రోజునే, అంటే సముద్రం అతలాకుతలమైన రోజునే, ఈ తప్పు బయటపడుతుంది. అందుకే దీన్ని ముందే పట్టుకోవాలి. పట్టుకునే సాధనం యూనిట్ టెస్ట్.

యూనిట్ టెస్ట్ అంటే ఒక చిన్న ముక్కను మిగతా అన్నిటి నుంచి విడదీసి, దానికి ఫలానాది ఇస్తే ఫలానాది వస్తుందా అని అడిగే మరో చిన్న ప్రోగ్రాం. దీన్ని మనుషులు కాదు, యంత్రమే నడుపుతుంది. కోడ్ మారిన ప్రతిసారీ, రోజుకు వందసార్లయినా విసుక్కోకుండా నడుపుతుంది. స్మాల్‌టాక్ భాషకు ఇలాంటి టెస్టులు రాసే పద్ధతిని కెంట్ బెక్ తయారుచేశాడు. 1997లో జూరిక్ నుంచి అట్లాంటా వెళ్తున్న విమానంలో అతనూ ఎరిక్ గామా పక్కపక్కన కూర్చుని జావా భాషకు అదే పద్ధతి రాశారు. దాని పేరు జేయూనిట్. అప్పటి నుంచి దాదాపు ప్రతి భాషకూ అలాంటిది ఒకటి పుట్టింది. వెబ్ తెరల రంగంలో ఫేస్‌బుక్ నుంచి 2014లో వచ్చిన జెస్ట్, 2021 చివర్లో వచ్చిన వైటెస్ట్ ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

ప్రతి టెస్టుకూ ఒక పేరు పెడతారు. ఆ పేరు ఏ భాషలోనైనా ఉండవచ్చు. అచ్చ తెలుగులో రాసినా జెస్ట్‌కు అభ్యంతరం లేదు. మన పట్టీకి రాయాల్సిన మొదటి టెస్టు పేరు ఇలా ఉండాలని నా అభిప్రాయం: "అల ఎత్తు అందకపోతే సమాచారం లేదు అని చూపాలి, ముప్పు లేదు అని చూపకూడదు". లోపల మూడే పనులు. ఎత్తు స్థానంలో నల్ ఇచ్చి పట్టీని గీయించడం. "సమాచారం లేదు" అన్న మాట తెర మీద ఉందో లేదో వెతకడం. "ముప్పు లేదు" అన్న మాట లేదని నిర్ధారించుకోవడం. పైన రాసిన కోడ్ మీద ఈ టెస్టును నడిపితే ఫెయిల్ అవుతుంది. అవ్వాలి కూడా.

ఆ మూడింటిలో రెండోదాన్ని వదిలేసి మూడోదాన్ని మాత్రమే రాసేవాళ్లున్నారు. "ముప్పు లేదు" అన్న మాట తెర మీద లేకపోతే చాలు కదా అనుకుంటారు. కానీ పట్టీ అసలు గీయబడకపోయినా ఆ టెస్టు పాస్ అవుతుంది. సర్వర్ నుంచి జవాబు వచ్చేలోపే తెరను చూసేసినా పాస్ అవుతుంది, ఎందుకంటే అప్పటికి తెర మీద ఏ మాటా ఉండదు. ఒకటి లేదని చెప్పే టెస్టు పక్కన ఇంకొకటి ఉందని చెప్పే మాట తప్పకుండా ఉండాలి. సర్వర్ జవాబు కోసం ఆగాల్సిన చోట, ఆ రెండో మాట కనిపించేదాకా ఆగి, ఆ తర్వాతే మొదటిది లేదని చూసుకోవాలి.

ప్రతి విలువ రకాన్నీ ముందే ప్రకటించే టైప్‌స్క్రిప్ట్ భాష వాడితే ఈ బాధ ఉండదు కదా అని అడుగుతారు. కొంతవరకు నిజమే. ఎత్తు అంకె కావచ్చు, నల్ కావచ్చు అని ముందే ప్రకటిస్తే, నల్ సంగతి చూశావా అని అది రాసేటప్పుడే నిలదీస్తుంది. అయితే ఆ ప్రకటనలు కోడ్ బ్రౌజర్‌లోకి చేరేసరికి చెరిగిపోతాయి. నెట్ మీద నుంచి వచ్చే సమాచారం మన ప్రకటనలకు కట్టుబడి ఉండదు. "ఎత్తు ఎప్పుడూ అంకే" అని మనమే తప్పుగా ప్రకటిస్తే టైప్‌స్క్రిప్ట్ మన మాట నమ్ముతుంది.

ఇక అంకెలు సవ్యంగా వచ్చిన సందర్భాలు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటాం. గిన్నెలో వేడి అంతటా ఒకేలా పాకుతుంది గనక ఆ మాట చెల్లుతుంది. ప్రోగ్రాంలో చెల్లదు. 1.9కి సరైన రంగు వచ్చిందంటే 2.1కి వస్తుందన్న భరోసా ఏమీ లేదు, ఎందుకంటే ఆ రెంటి మధ్యలో ఒక "అయితే, లేకపోతే" ఉంది. తప్పులు ఆ గీతల దగ్గరే కాపురం ఉంటాయి. అందుకని 1, 3, 0.1 వంటి నడిమధ్య అంకెలను ఒక్కొక్కటి చూసి, మిగతా శ్రద్ధంతా గీతల మీద పెట్టాలి: 0.19, 0.2, 0.21. 0.49, 0.5, 0.51. 1.99, 2, 2.01. ఈ తొమ్మిదింటినీ ఒక పట్టికగా ఇచ్చి ఒకే టెస్టును తొమ్మిదిసార్లు నడిపించే సదుపాయం జెస్ట్‌లో ఉంది.

రాయడం మొదలుపెట్టగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. సరిగ్గా 2 వస్తే నారింజా, ఎరుపా? "2 దాటితే" అన్నామా, "2, ఆపైన" అన్నామా? కోడ్ రాసిన కుర్రాడు తెలియకుండానే ఒకటి ఎంచుకున్నాడు. టెస్టు రాసేటప్పుడు మాత్రం జవాబు పెట్టెలో ఏదో ఒక రంగు పేరు రాయక తప్పదు, కాబట్టి ఆగాల్సి వస్తుంది. ఆ నిర్ణయం ప్రోగ్రామర్‌ది కాదు, నియమం రాసిన సముద్ర శాస్త్రవేత్తది. లేచి వెళ్లి అడగాలి. టెస్టుల వల్ల తప్పులు దొరుకుతాయని అందరూ చెబుతారు. ఇలా అడగాల్సిన మనిషిని అడిగించడం దానికంటే పెద్ద మేలు అంటాను నేను.

కాంపొనెంట్‌లో ఏం చూడాలి అన్న దాని మీద ఈ రంగంలో ఒక వాదన నడిచింది. 2015లో ఎయిర్‌బీఎన్‌బీ విడుదల చేసిన ఎంజైమ్ అనే సాధనంతో కాంపొనెంట్ కడుపులోకి తొంగి చూడవచ్చు. లోపల దాచుకున్న విలువ ఎంత, ఏ అంతర్గత ఫంక్షన్ నడిచింది అని టెస్టులు రాసేవారు. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చి, కాంపొనెంట్లను రాసే తీరే మారింది. పాత క్లాసులను హుక్స్‌లోకి మార్చి రాసినవాళ్లకు తెర మీద ఒక్క చుక్క తేడా లేకపోయినా, కడుపులోకి చూసే టెస్టులు కుప్పలుగా విరిగిపోయాయి. రియాక్ట్ 17కు ఎంజైమ్ అధికారిక అడాప్టర్ రానే లేదు. అంతకు ముందే, 2018లో, కెంట్ సి. డాడ్స్ టెస్టింగ్ లైబ్రరీ అనే మరో దారి చూపించాడు. దాని సూత్రం తేలిక: తెర ముందున్న మనిషి ఏం చూస్తాడో, ఏం నొక్కుతాడో టెస్టు కూడా అదే చూడాలి, అదే నొక్కాలి. లోపల ఎలా కట్టారన్నది దానికి అనవసరం.

నేను రెండో పక్షం. మన పట్టీ లోపల ముప్పు స్థాయిని 3 అని దాచుకుందా, "ఎరుపు" అని దాచుకుందా అన్నది జంగ్లీఘాట్‌లో ఫోన్ పట్టుకున్న మనిషికి ఒకటే. అతనికి కావలసింది "వార్నింగ్: ఎత్తయిన చోటికి వెళ్లండి" అన్న మాట. టెస్టు వెతకాల్సిందీ ఆ మాటనే.

ఇక్కడే చూపు లేనివారి సంగతి వస్తుంది. వాళ్ల ఫోన్‌లో తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒక పట్టీ హఠాత్తుగా మారితే వెంటనే చదవాలని దానికి తెలియాలంటే, ఆ పట్టీకి "అలర్ట్" అన్న పాత్రను కోడ్‌లో ఇవ్వాలి. టెస్టింగ్ లైబ్రరీలో ఒక వస్తువును దాని పాత్రను బట్టి వెతకవచ్చు. "అలర్ట్ పాత్ర ఉన్నది, అందులో వార్నింగ్ అన్న మాట ఉన్నది" అని టెస్టు రాస్తే, రేపెవరో అందం కోసం పట్టీని మార్చి ఆ పాత్రను ఊడగొట్టినప్పుడు టెస్టు ఫెయిల్ అవుతుంది. వినికిడితో తెర చదువుకునే మనిషి తరఫున ఆ టెస్టు కాపలా కాస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లున్నవాళ్ల తరఫునా అంతే. రంగు ఒక్కటే చాలనుకోకుండా మాట కూడా ఉండాలన్న నియమం వెబ్ ప్రమాణాల్లోనే ఉంది.

మాటను బట్టి వెతికితే మాట మారిన రోజున టెస్టులు విరగవా? విరుగుతాయి. 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ శహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. ఊరి పేరు ఒక్క చోట, ఒక పట్టికలో ఉండి, టెస్టు కూడా ఆ పట్టికనే చూస్తే మార్పు ఒక వరుసతో పోతుంది. కాంపొనెంట్ మొత్తం రూపాన్ని ఫోటో తీసినట్టు ఫైల్‌లో దాచి, తర్వాతిసారి తేడా వస్తే ఫెయిల్ చేసే స్నాప్‌షాట్ టెస్టులు వందల్లో ఉంటే మాత్రం అన్నీ ఒక్కసారిగా ఎర్రబడతాయి. అప్పుడు ఎవరూ ఒక్కొక్కటీ చదవరు. అన్నిటినీ కొత్త రూపానికి మార్చేసే ఒక్క ఆదేశం ఉంది, అది కొట్టేస్తారు. ఆ గుంపులో నిజమైన తప్పు ఒకటి ఉంటే అది కూడా సరైనదిగా నమోదైపోతుంది. చిన్న చిన్న రూపాలకు తప్ప స్నాప్‌షాట్‌లను నేను సిఫారసు చేయను.

పట్టీ మీద భూకంపం వచ్చిన సమయం కూడా చూపాలి. 2004 భూకంపం అంతర్జాతీయ సమయం ప్రకారం డిసెంబర్ 26 అర్ధరాత్రి దాటాక 12:58కి వచ్చింది. భారత కాలమానం అయిదున్నర గంటలు ముందుంది కాబట్టి అండమాన్‌లో అప్పుడు ఉదయం 6:28. అదే క్షణంలో డాలస్‌లో డిసెంబర్ 25 సాయంత్రం 6:58. కాంపొనెంట్‌లో ఏ కాలమానంలో చూపాలో చెప్పకుండా వదిలేస్తే, బ్రౌజర్ తానున్న యంత్రం గడియారాన్ని బట్టి చూపిస్తుంది. డాలీగంజ్‌లో కూర్చుని రాసినవాడి తెర మీద 6:28 అని సరిగ్గానే వస్తుంది. టెస్టూ పాస్ అవుతుంది. దీవుల్లో ఉన్న తల్లిదండ్రుల క్షేమం కోసం టెక్సాస్‌లో పేజీ తెరిచిన కూతురికి మాత్రం తేదీయే వేరేగా కనిపిస్తుంది. మందులా పనిచేసే టెస్టు ఇది: ఆ ఒక్క క్షణాన్నే ఇచ్చి, టెస్టులను ఒకసారి కోల్‌కతా కాలమానంలో, ఒకసారి అంతర్జాతీయ సమయంలో, ఒకసారి అమెరికా కాలమానంలో నడిపి, మూడింటిలోనూ "డిసెంబర్ 26, ఉదయం 6:28, భారత కాలమానం" అని వస్తుందో లేదో చూడటం.

దీని తోబుట్టువు లాంటి తప్పు ఓడ టికెట్ల వంటి తేదీ పెట్టెల్లో దొరుకుతుంది. విశాఖ ఓడ కోసం ప్రయాణికుడు 26వ తేదీని నొక్కుతాడు. కోడ్ దాన్ని మన కాలమానంలో 26 అర్ధరాత్రిగా పట్టుకుని, సర్వర్‌కు పంపేముందు అంతర్జాతీయ సమయంలోకి మారుస్తుంది. అది 25వ తేదీ సాయంత్రం 6:30. సమయాన్ని కత్తిరించి తేదీ ఒక్కటే పంపితే వెళ్లేది 25. భారతదేశంలో వెబ్ పని చేసే వాళ్లలో చాలామంది దీని బారిన ఒక్కసారైనా పడ్డవాళ్లే. టెస్టులు ఆటోమేటిక్‌గా నడిచే సర్వర్లు సాధారణంగా అంతర్జాతీయ సమయంలోనే ఉంటాయి గనక అక్కడ ఈ తప్పు కనిపించదు, టెస్టులు పచ్చగా పాస్ అవుతాయి. టెస్టు నడిచే కాలమానాన్ని మనమే నిర్ణయించి చెప్పాలన్నది ఇందుకే.

తెలుగు అక్షరాలకూ ప్రత్యేకంగా టెస్టులు కావాలి. కంటికి "శ్రీ" ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. "శ్రీ విజయపురం" పొడవు దాని లెక్కలో 13. చిన్న తెరలో ఇరికించడానికి 12 దగ్గర కత్తిరించమని రాస్తే సున్నా ఊడిపోయి "శ్రీ విజయపుర" మిగులుతుంది. 3 దగ్గర కత్తిరిస్తే దీర్ఘం పోయి "శ్ర" మిగులుతుంది. "పోర్ట్" పేరును పొల్లు దగ్గర తెగకుండా చూడటం, పొడుగు పేర్లు వచ్చినప్పుడు మధ్యలో విరగకుండా చూడటం మనం టెస్టుల్లో పెట్టకపోతే ఇంకెవరూ పెట్టరు. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్టులు రాసినవారికి ఈ తప్పులు జన్మలో కనపడవు. అంకెల సంగతీ అంతే. లక్షను 1,00,000 అని మన పద్ధతిలో చూపే సదుపాయం బ్రౌజర్లలోనే ఉంది. అయితే టెస్టులు నడిచే నోడ్‌లో 2019లో 13వ వెర్షన్ వచ్చేదాకా ఇంగ్లిష్ మినహా మిగతా భాషల వివరాలు మామూలుగా ఉండేవి కావు. బ్రౌజర్‌లో సరిగ్గా వచ్చేది టెస్టులో తప్పు కావడం అప్పట్లో మామూలు.

నొక్కే బటన్లున్న కాంపొనెంట్‌కు మరింత జాగ్రత్త కావాలి. 2018 జనవరి 13 ఉదయం హవాయి రాష్ట్రంలో జనం ఫోన్లకు క్షిపణి వస్తోందన్న హెచ్చరిక వెళ్లింది. క్షిపణి ఏదీ లేదు, అక్కడ జరుగుతున్నది అభ్యాసం. పొరపాటని సందేశం వెళ్లడానికి 38 నిమిషాలు పట్టింది. తర్వాత అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ విచారణలో తేలిన సంగతుల్లో రెండు మన పనికి సంబంధించినవి. పంపమంటారా అని తెర అడిగే ప్రశ్న అభ్యాసానికీ అసలు హెచ్చరికకూ ఒకే మాటల్లో ఉండేది. తప్పుడు హెచ్చరికను సవరించే సందేశం ముందే తయారుగా లేదు. మొదటిది టెస్టుగా రాయగలిగిన విషయమే: అభ్యాసం ఎంచుకుని పంపు నొక్కితే "ఇది అభ్యాసం" అని, అసలుది ఎంచుకుంటే "ఇది నిజంగా జనానికి వెళ్తుంది" అని కనిపించాలి. అయితే ఆ టెస్టు రాయాలన్న ఆలోచన రావడానికి, ఆ తెర ముందు కంగారులో ఉన్న ఉద్యోగిని ఊహించుకోగలగాలి. ఏ సాధనమూ ఆ ఊహను మనకు అందించదు.

నెట్ నెమ్మదించినప్పుడు మన పట్టీ ఏం చేయాలి? చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకు ముందు దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడేది. ఇప్పుడు వేగం పెరిగింది, అయినా కేబుల్‌కు దూరంగా ఉన్న చోట, సముద్రం మీద ఉన్న పడవలో సిగ్నల్ పోతుంది. అలాంటప్పుడు మూడు గంటల కిందటి ఆకుపచ్చ పట్టీ తెర మీద అలాగే నిలబడి ఉంటే, అది ఇప్పటి మాట అనుకుంటాడు చూసేవాడు. కాబట్టి సమాచారం పాతబడితే పట్టీ బూడిద రంగులోకి మారి "ఇది ఫలానా సమయం నాటిది" అని చెప్పాలి. దీన్ని పరీక్షించడానికి మూడు గంటలు కూర్చోనక్కర్లేదు. జెస్ట్‌లో ఉత్తుత్తి గడియారం ఉంది. సమాచారం వచ్చినట్టు చూపి, గడియారాన్ని ఒక్క ఆదేశంతో మూడు గంటలు ముందుకు తిప్పి, పట్టీ మారిందా అని చూడవచ్చు. టెస్టు మిల్లీసెకన్లలో అయిపోతుంది.

సర్వర్‌ను కూడా ఇలాగే ఉత్తుత్తిగా పెడతారు. దాన్ని మాక్ అంటారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. మాక్ పంపే జవాబు రాసేది మనమే గనక అది మన ఊహ ప్రకారమే ఉంటుంది. అసలు సర్వర్ ఎత్తును సెంటీమీటర్లలో పంపుతుంటే, మన మాక్ మీటర్లలో పంపుతూ ఉంటే, టెస్టులన్నీ పాస్ అవుతూనే ఉంటాయి. అసలు సర్వర్ పంపిన జవాబునే ఒకటి యథాతథంగా దాచి, దాన్నే మాక్‌గా వాడటం మేలు.

ఈ టెస్టులు చూడలేనివీ ఉన్నాయి. జెస్ట్ సాధారణంగా జేఎస్‌డామ్ అనే నకలు బ్రౌజర్‌లో నడుస్తుంది. దానికి పేజీ అమరిక తెలియదు. "వార్నింగ్" అన్న మాట పటం కింద దాగిపోయినా, ఫోన్ తెర అంచు దాటిపోయినా, అది పేజీలో ఉందనే చెబుతుంది. ఆ సంగతి తేలాలంటే ప్లేరైట్ వంటివాటితో నిజమైన బ్రౌజర్ తెరిపించి చూడాలి. టెస్టింగ్‌తో తప్పు ఉందని చూపగలమే తప్ప తప్పు లేదని నిరూపించలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 50 ఏళ్ల కిందటే చెప్పాడు. అది ఇప్పటికీ అక్షరాలా నిజం.

మరి మన టెస్టులకు పదును ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కోడ్‌లో ఎన్ని వరుసలు టెస్టుల్లో నడిచాయో చెప్పే కవరేజీ శాతాన్ని చూసి చాలా జట్లు తృప్తి పడతాయి. మన పట్టీని 3, 1, 0.3, 0.1 అంకెలతో నడిపితే కవరేజీ 100 శాతం వస్తుంది. నల్ తప్పు చెక్కు చెదరకుండా అక్కడే ఉంటుంది. దీనికంటే నమ్మదగిన పద్ధతి 1978లో డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ అనే ముగ్గురు ప్రతిపాదించారు. కోడ్‌లో కావాలని ఒక చిన్న తప్పు పెట్టి, టెస్టులు దాన్ని పట్టుకుంటాయా అని చూడటం ఆ పద్ధతి. 0.5ను 0.6 చేయండి. "ఎక్కువ"ను "ఎక్కువ లేదా సమానం" చేయండి. ఒక్క టెస్టూ ఫెయిల్ కాకపోతే ఆ గీత దగ్గర మీకు కాపలా లేదన్నమాట. జావాస్క్రిప్ట్‌కు ఈ పనిని వరసగా చేసిపెట్టే స్ట్రైకర్ అనే సాధనం ఉంది. అది లేకపోయినా చేత్తో చేసి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

పోర్ట్ బ్లెయిర్‌లోనో, విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఇంజనీరింగ్ చదువుతూ ఈ అధ్యాయం చదువుతున్నవారికి ఒక్క విన్నపం. మీరు ఇప్పటికే రాసిన కాంపొనెంట్లలో మనుషుల ప్రాణంతోనో, డబ్బుతోనో, ఆరోగ్యంతోనో ముడిపడిన ఒకదాన్ని ఎంచుకోండి. రక్తపోటు చూపేదైనా సరే, బ్యాంకు నిల్వ చూపేదైనా సరే. దానికి అంకె స్థానంలో నల్ ఇచ్చి తెర మీద ఏం వస్తుందో చూడండి. సున్నా అనో, అంతా బాగుందనో వస్తే, మిగతా పని పక్కన పెట్టి ముందు ఆ టెస్టు రాయండి.